కాలేజీ అమ్మాయిలకు హెచ్‌పీవీ టీకా గురించి ఎలా చెప్పాలి

గంటసేపు మాట్లాడి, చివర్లో "సందేహాలేమైనా ఉన్నాయా?" అని అడిగితే హాలంతా నిశ్శబ్దం. అందరికీ అర్థమైందనుకుని ప్రిన్సిపాల్ గారు శాలువా కప్పుతారు, ఫొటో తీయిస్తారు. మీరు బయటికి వచ్చి చెప్పులు వేసుకుంటుండగా ఒక అమ్మాయి దగ్గరికి వచ్చి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడుగుతుంది: "మేడమ్, ఇది వేయించుకుంటే పిల్లలు పుట్టరట, నిజమేనా?"

ఆ అమ్మాయి అడిగింది కాబట్టి జవాబు దొరికింది. అదే అనుమానంతో అడగకుండా గదికి వెళ్లిపోయినవాళ్లు ఎందరో! డిగ్రీ, నర్సింగ్ విద్యార్థినుల హాస్టళ్లలో, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే ఈ హెచ్‌పీవీ (హ్యూమన్ పాపిలోమా వైరస్) టీకా గురించి చెప్పడం మొదలుపెట్టిన తొలి రోజుల్లో నా సమావేశాలన్నీ ఇలాగే ముగిసేవి. తర్వాత పద్ధతి మార్చుకున్నాను. ఆ మార్చుకున్న పద్ధతినే ఇక్కడ వరుసగా రాస్తున్నాను. మీరు అధ్యాపకురాలైనా, ఎన్‌ఎస్‌ఎస్ బాధ్యతలు చూస్తున్నా, నర్సు అయినా, చివరి సంవత్సరం చదువుతూ జూనియర్లకు అక్కలా ఉన్నా ఇది చేయగలరు. వైద్యం చదివి ఉండాల్సిన అవసరం లేదు. ఒక డాక్టరో నర్సో పక్కన ఉంటే చాలు.

వెళ్లే ముందు ఖమ్మం సంగతి తెలుసుకోండి

మన ప్రాంతంలో ఈ టీకా గురించి మాట్లాడేవారు ముందుగా తెలుసుకోవాల్సింది వైరస్ గురించి కాదు, ఖమ్మం గురించి. 2009లో, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో మూడు మండలాలు ఎంచుకుని, 10 నుంచి 14 ఏళ్ల బాలికలు సుమారు 14,000 మందికి హెచ్‌పీవీ టీకా వేశారు. పాథ్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి నడిపిన కార్యక్రమం అది. గుజరాత్‌లోని వడోదరలోనూ అలాగే చేశారు. రెండు చోట్లా కలిపి ఏడుగురు బాలికలు చనిపోయారని వార్తలు వచ్చి, 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆగిపోయింది.

ప్రభుత్వం వేసిన విచారణ సంఘం ఆ మరణాలకు టీకా కారణమని తేల్చలేదు. పాముకాటు, నీళ్లలో మునగడం, పురుగుల మందు, మలేరియా వంటి కారణాలు బయటపడ్డాయి. అయితే విచారణలో వేరే తప్పు కనిపించింది. తల్లిదండ్రులు చేయాల్సిన సంతకాలు చాలాచోట్ల హాస్టల్ వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు చేశారు. ఆ బాలికల్లో ఎందరో ఆశ్రమ పాఠశాలల్లో చదివే గిరిజన పిల్లలు. ఏ సూది వేస్తున్నారో, ఎందుకు వేస్తున్నారో వారికీ, వారి ఇళ్లకూ సరిగా చెప్పలేదు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఈ తీరును గట్టిగా తప్పుపట్టింది.

ఈ కథ ఇప్పటికీ ఊళ్లలో సగం సగం తిరుగుతూనే ఉంది. "ఖమ్మంలో ఆ సూదికి పిల్లలు చచ్చిపోయారట" అని ఎవరో ఒకరు అంటారు. మీరు దాన్ని దాచితే, దాస్తున్నారన్న సంగతి అమ్మాయిలకు తెలిసిపోతుంది. మీరే ముందుగా, పూర్తిగా చెప్పండి. టీకాలో దోషం కనబడలేదనీ, అడగకుండా వేయడమే దోషమనీ రెండూ చెప్పండి. దాని నుంచే మీ మొదటి నియమం పుడుతుంది: సమావేశం జరిగిన రోజు టీకా వేయకూడదు. "మాటలయ్యాక పక్క గదిలో సూది సిద్ధంగా ఉంది" అంటే అది చెప్పడం అనిపించుకోదు, తోలుకెళ్లడం అవుతుంది. కాలేజీ వారు ఎంత తొందరపెట్టినా ఒప్పుకోకండి.

ఇంకొక సంగతి కూడా మనసులో పెట్టుకోండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల ప్రకారం గర్భసంచి తీయించుకున్న మహిళల శాతం దేశంలో అన్నిటికంటే ఎక్కువగా ఉన్నది ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనే. తెల్లబట్ట అవుతోందని ఆసుపత్రికి వెళితే "తీసేయకపోతే క్యాన్సర్ అవుతుంది" అని భయపెట్టడం వల్ల ముప్పై అయిదేళ్లకే ఆపరేషన్ చేయించుకున్న తల్లుల కూతుళ్లు మీ ముందు కూర్చుని ఉంటారు. క్యాన్సర్ పేరు చెప్పి భయపెట్టే పద్ధతి వారి ఇళ్లలో ఒకసారి నష్టం చేసి వెళ్లింది. కాబట్టి రోగుల భయంకరమైన ఫొటోలు, ఏడుపు వీడియోలు వద్దు. 2024 ఫిబ్రవరిలో ఒక నటి ఈ క్యాన్సర్‌తో చనిపోయిందని ప్రకటించి, మర్నాడు బతికే ఉన్నానంటూ వీడియో పెట్టడం వారికి గుర్తుంటుంది. అవగాహన కోసమే అలా చేశానని ఆమె చెప్పినా, నిజంగా ఆ జబ్బుతో ఉన్నవారిని అది ఎంత బాధపెట్టిందో ఆలోచించండి.

రెండు రోజుల ముందే ప్రశ్నల డబ్బా పెట్టండి

ఒక పాత స్వీటు డబ్బా మూతకు కోత పెట్టి, టేపు అంటించి, హాస్టల్ మెస్ దగ్గర ఉంచండి. పక్కన ఒకే కొలతలో కోసిన చీటీలు, పెన్నులు. ఇక్కడ ఒక కిటుకు ఉంది: ప్రశ్న ఉన్నా లేకున్నా అందరూ ఒక చీటీ వేయాలని చెప్పండి. ప్రశ్న లేనివాళ్లు ఖాళీ చీటీ మడిచి వేస్తారు. అప్పుడు ఎవరు రాశారో ఎవరికీ తెలియదు. డబ్బా మీరే తెరవండి. వార్డెన్ గారు ఎంత మంచివారైనా సరే, వారి చేతికి ఇవ్వకండి.

చీటీలు చదివితే ఏం చెప్పాలో మీకే తెలుస్తుంది. నాకు వచ్చినవాటిలో తరచూ కనిపించేవి ఇవి: నాకు ఇరవై ఏళ్లు, ఆలస్యమైపోయిందా? నెలసరి రోజుల్లో వేయించుకోవచ్చా? తెల్లబట్ట అవుతోంది, అది క్యాన్సరా? ఇది వేయించుకున్నానని తెలిస్తే పెళ్లి సంబంధాలు చెడిపోతాయా? మా అమ్మకు గర్భసంచి తీసేశారు, నాకూ వస్తుందా? అబ్బాయిలకు ఎందుకు వేయరు? మేనత్తకు వచ్చింది, మా ఇంట్లో అందరికీ అంటుకుంటుందా? ఒకసారి ఒక చీటీలో ఒకే మాట ఉంది: "నొప్పి పుడుతుందా?" ఆ ప్రశ్నకూ మిగతావాటితో సమానంగా జవాబు చెప్పాలి.

గది, మనుషులు, సమయం

మూడు వందల మందిని ఆడిటోరియంలో కూర్చోబెడితే లెక్క బాగుంటుంది, ఫలితం ఉండదు. ఇరవై అయిదు, ముప్పై మంది చాలు. కుర్చీలు గుండ్రంగా వేయండి, లేదా చాప పరిచి కూర్చోండి. మగ సిబ్బందిని ఆ గంటన్నర బయట ఉండమని ముందే మర్యాదగా అడగండి. పరీక్షల వారం, ఊళ్లకు వెళ్లే శుక్రవారం సాయంత్రం వద్దు. ఫొటోలు వద్దని ప్రిన్సిపాల్‌కు ముందే చెప్పండి. ఈ సమావేశంలో కూర్చున్నట్టు ఎవరి ఫోనులోనో బొమ్మ తిరిగితే, మరుసటిసారి ఎవరూ రారు.

సొరకాయ బుర్ర బొమ్మతో మొదలుపెట్టండి

"గర్భాశయ ముఖద్వారం" అన్న మాట పత్రికల్లో చదివి ఉంటారు గానీ అది ఎక్కడుందో చాలామందికి తెలియదు. బోర్డు మీద ఒక చిన్న సొరకాయ బుర్రను మెడ కిందికి ఉండేలా గీయండి. పైన ఉబ్బెత్తుగా ఉన్నది గర్భసంచి. కింద సన్నగా ఉన్న మెడే ముఖద్వారం. బిడ్డ పుట్టేటప్పుడు తెరుచుకునేది అదే. మనం మాట్లాడుతున్న క్యాన్సర్ వచ్చేది అక్కడే. రెండు నిమిషాల్లో అయిపోయే ఈ బొమ్మ తర్వాత వచ్చే సగం ప్రశ్నలకు దారి చూపుతుంది.

ఆ తర్వాత వైరస్ సంగతి. హెచ్‌పీవీలో రెండు వందలకు పైగా రకాలున్నాయి. కొన్ని చేతుల మీద మామూలు పులిపిర్లు తెస్తాయి. కొన్ని మర్మాంగాల దగ్గర పులిపిర్లు తెస్తాయి. పద్నాలుగు రకాల దాకా క్యాన్సర్ తేగలవు. వాటిలో 16, 18 అనే రెండు రకాలే ప్రపంచంలోని ముఖద్వార క్యాన్సర్లలో దాదాపు 70 శాతానికి కారణం. ఈ క్యాన్సర్‌కు వైరస్ కారణమని చూపిన జర్మన్ శాస్త్రవేత్త హరాల్డ్ త్సుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి వచ్చింది. సైన్స్ చదివే అమ్మాయిలకు ఈ ముక్క ఆసక్తిగా ఉంటుంది.

ఇక్కడ చాలామంది వక్తలు తొందరపడి వదిలేసే విషయం ఒకటుంది. ఈ వైరస్ సోకడం అరుదు కాదు, సిగ్గుపడాల్సిందీ కాదు. లైంగిక జీవితం ఉన్న స్త్రీ పురుషుల్లో అత్యధికులకు ఎప్పుడో ఒకప్పుడు సోకుతుంది. పదిమందిలో తొమ్మిదిమందికి ఒకటి రెండేళ్లలో శరీరమే దాన్ని వదిలించుకుంటుంది. ఏ లక్షణమూ ఉండదు. కొద్దిమందిలో మాత్రం వదలకుండా ఏళ్ల తరబడి ఉండిపోయి ముఖద్వారంలోని కణాలను మారుస్తుంది. ఆ మార్పు క్యాన్సర్ కావడానికి సాధారణంగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. ఇంత నెమ్మదిగా నడిచే జబ్బు కాబట్టే ముందు టీకాతో, తర్వాత పరీక్షతో రెండుసార్లు అడ్డుకునే వీలుంది. అయినా 2022లో మన దేశంలో సుమారు 1,27,000 మంది మహిళలకు ఈ క్యాన్సర్ కొత్తగా వచ్చింది, దాదాపు 80,000 మంది చనిపోయారు. ఈ అంకెలను ఒక్కసారి, నెమ్మదిగా చెప్పి ఆగండి. పదే పదే చెప్పకండి.

టీకా ఎలా పనిచేస్తుందో చెప్పడానికి నాకు బాగా పనికొచ్చిన పోలిక తాలు గింజ. పల్లె నుంచి వచ్చిన పిల్లలకు వెంటనే అందుతుంది. తాలు గింజ పైకి వడ్లగింజలాగే ఉంటుంది, లోపల బియ్యం ఉండదు, నాటితే మొలవదు. టీకాలో ఉన్నది వైరస్ పైపెంకు మాత్రమే. లోపల వైరస్ పదార్థం ఏమీ లేదు కాబట్టి అది జబ్బు తేలేదు. కానీ శరీరం ఆ పెంకును చూసి గుర్తుపెట్టుకుంటుంది. అసలు వైరస్ వచ్చిన రోజు గుమ్మంలోనే ఆపుతుంది.

టీకా ఎంత చేస్తుందో అంతే చెప్పండి

మీ ముందున్నవారికి పద్దెనిమిది నుంచి ఇరవై రెండేళ్లు. "అందరికీ నూరు శాతం రక్షణ" అని చెప్పకండి, అది నిజం కాదు. ఈ వయసువారికి చెప్పాల్సిన నిజం స్వీడన్‌లో దొరికింది. అక్కడ పదహారు లక్షలకు పైగా బాలికలు, యువతుల వివరాలు పరిశీలించి 2020లో ప్రచురించిన అధ్యయనంలో, 17 ఏళ్లలోపు టీకా వేయించుకున్నవారికి ముఖద్వార క్యాన్సర్ ముప్పు 88 శాతం తగ్గింది. 17 నుంచి 30 ఏళ్ల మధ్య వేయించుకున్నవారికి 53 శాతం తగ్గింది. స్కాట్లండ్‌లో 12, 13 ఏళ్లకే వేయించుకున్న అమ్మాయిల్లో ఈ క్యాన్సర్ ఒక్కరికీ రాలేదని 2024లో ప్రకటించారు.

ఈ అంకెలు చెప్పగానే ముఖాలు కాస్త వాడిపోతాయి. "అయితే మాకు సగమేనా?" అంటారు. అప్పుడు రెండు మాటలు చెప్పండి. ఒకటి, సగం చిన్నదేమీ కాదు. రెండు, ఆ సగం అన్నది రకరకాల వయసులవారి, అప్పటికే కొందరికి వైరస్ సోకి ఉన్నవారి మొత్తం మీద వచ్చిన లెక్క. వైరస్ ఇంకా సోకని వ్యక్తికి రక్షణ ఇంకా బాగా ఉంటుంది. అందుకే ఆలస్యమైందని వదిలేయడం కంటే ఇప్పుడు వేయించుకోవడం మేలు. ఇంట్లో పన్నెండేళ్ల చెల్లెలుంటే, ఆమెకు ఇంకా మేలు.

పరిమితులు కూడా దాచకండి. ఇప్పటికే సోకిన వైరస్‌ను టీకా పోగొట్టదు. 16, 18 కాక వేరే రకాల వల్ల వచ్చే క్యాన్సర్లూ కొన్ని ఉన్నాయి. అందుకే టీకా వేయించుకున్నవారు కూడా 30 ఏళ్లు దాటాక ముఖద్వార పరీక్ష చేయించుకోవాలి.

పెళ్లి, నడవడిక ప్రశ్న వచ్చినప్పుడు

వస్తుంది. రాకపోతే డబ్బాలో ఉంటుంది. ఇది లైంగికంగా సోకే వైరస్ కాబట్టి, టీకా అడిగిన అమ్మాయిని లోకం ఎలా చూస్తుందోనన్న భయం ఆ గదిలో అన్నిటికంటే పెద్దది. ఈ ఒక్క చోట మీరు తడబడితే మిగతా అంతా కొట్టుకుపోతుంది. కాబట్టి ఇంట్లో అద్దం ముందు నిలబడి ఈ జవాబును బిగ్గరగా చెప్పి అలవాటు చేసుకోండి. "లైంగిక సంబంధం" అన్న మాట గొంతు మారకుండా పలకగలగాలి.

నేను ఇలా చెబుతాను: "బిడ్డ పుట్టిన కొద్ది గంటలకే హెపటైటిస్ బి టీకా వేస్తారు. ఆ వైరస్ కూడా రక్తం ద్వారా, లైంగిక సంబంధం ద్వారా సోకేదే. పొత్తిళ్లలోని పాపాయి నడవడిక గురించి ఎవరూ అడగరు కదా? ఇదీ అలాంటి టీకానే. జీవితంలో ఎప్పుడో ఎదురయ్యే వైరస్‌కు ముందుగానే కట్టుకునే గట్టు. జీవితమంతా ఒక్క భర్తతోనే ఉన్న స్త్రీకి కూడా ఈ వైరస్ సోకవచ్చు, భర్త ద్వారా."

చివరి వాక్యం చెప్పాక గదిలో ఒక్క క్షణం కదలిక వస్తుంది. ఆ క్షణాన్ని మాటలతో నింపకండి.

ఇంకొన్ని జాగ్రత్తలు. "ఎవరికి పెళ్లయింది, చేతులెత్తండి" అని అడగకండి. ఎవరి సొంత జీవితాన్నీ ఉదాహరణ చేయకండి. టీకాకు ముందు ఏ పరీక్షా అవసరం లేదనీ, డాక్టరు లోపలి పరీక్ష చేయరనీ, భుజానికి సూది వేస్తారంతేననీ స్పష్టంగా చెప్పండి. ఎందరో అమ్మాయిలు వెనక్కి తగ్గేది ఈ పరీక్ష ఉంటుందేమోనన్న భయంతోనే. ఆ సంగతి వారు పైకి చెప్పరు.

అబ్బాయిల ప్రశ్నకు జవాబు చిన్నదే. ఈ వైరస్ మగవారిలో గొంతు, మలద్వారం, పురుషాంగం క్యాన్సర్లకు కారణం కాగలదు. కొన్ని దేశాల్లో బడిలోనే అబ్బాయిలకూ వేస్తున్నారు, మన దగ్గరా వేయించుకునే వీలుంది.

భయాలకు ఒక్కొక్కటిగా జవాబు

పిల్లలు పుట్టరన్న భయం ముందు. 2017 నాటికే ప్రపంచవ్యాప్తంగా 27 కోట్లకు పైగా డోసులు వేశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ టీకాల భద్రతా సంఘం పరిశీలించి, సంతాన సామర్థ్యానికి దీనితో చెడు జరుగుతుందనడానికి ఆధారం లేదని చెప్పింది. నిజానికి సంతానావకాశాన్ని దెబ్బతీసేది ముఖద్వార క్యాన్సరూ, దాని చికిత్సలూ.

జపాన్ కథ చెప్పడం నాకు ఇష్టం, ఎందుకంటే అది భయం ఖరీదు ఎంతో చూపుతుంది. టీకా తర్వాత నొప్పులు, వణుకులు వచ్చాయని టీవీల్లో చూపించడంతో 2013 జూన్‌లో అక్కడి ప్రభుత్వం టీకాను గట్టిగా సిఫారసు చేయడం ఆపేసింది. 70 శాతం దాకా ఉన్న టీకా రేటు ఒక శాతం కంటే కిందికి పడిపోయింది. తర్వాత నగోయా నగరంలో దాదాపు 30,000 మంది యువతులను పరిశీలిస్తే, వేయించుకున్నవారికీ వేయించుకోనివారికీ ఆ లక్షణాల్లో తేడా కనిపించలేదు. సిఫారసు తిరిగి మొదలవడానికి 2022 ఏప్రిల్ దాకా పట్టింది. ఆ తొమ్మిదేళ్లలో టీకా వయసు దాటిపోయిన అమ్మాయిలున్నారు. మన దగ్గరే వేరే దారి చూపిన రాష్ట్రం సిక్కిం. 2018లో బడుల్లో తల్లిదండ్రులకు ముందుగా వివరించి 9 నుంచి 14 ఏళ్ల బాలికలకు వేస్తే, 95 శాతానికి పైగా వేయించుకున్నారు.

నిజంగా వచ్చే ఇబ్బందులు చెప్పండి: సూది వేసిన చోట నొప్పి, వాపు, కొంచెం జ్వరం, తలనొప్పి, ఒళ్లు నొప్పులు. ఒకటి రెండు రోజుల్లో తగ్గుతాయి. ఈ వయసు అమ్మాయిలు సూది చూసి కళ్లు తిరిగి పడిపోవడం కద్దు. అందుకే ఏదైనా తిని వెళ్లాలి, కూర్చుని వేయించుకోవాలి, ఆ తర్వాత 15 నిమిషాలు అక్కడే ఉండాలి. ఒకరు పడిపోతే వరుసలో ఉన్న మరో నలుగురు భయంతో పడిపోయే సందర్భాలూ ఉంటాయి. ముందుగా చెప్పి ఉంచితే ఆ భయం సగం తగ్గుతుంది.

గర్భంతో ఉన్నవారు ప్రసవమయ్యాక వేయించుకోవాలి. తెలియక వేయించుకుంటే కంగారు అక్కర్లేదు, మిగతా డోసులు తర్వాత పూర్తి చేసుకోవచ్చు. ఈస్ట్ (రొట్టెల పిండిని పొంగించడానికి వాడేది) పడనివారు, ముందు డోసుకు తీవ్రమైన అలర్జీ వచ్చినవారు వేయించుకోకూడదు. ఎక్కువ జ్వరం ఉంటే తగ్గాక వెళ్లాలి. నెలసరి అడ్డంకి కాదు, పాలిచ్చే తల్లికీ అడ్డంకి కాదు.

తెల్లబట్ట గురించి వచ్చిన చీటీకి తప్పకుండా సమయం ఇవ్వండి. కొద్దిగా తెల్లబట్ట కావడం సహజమనీ, దురద, వాసన, రంగు మారడం ఉంటే మందులతో తగ్గే ఇన్‌ఫెక్షన్ కావచ్చనీ, దానికోసం గర్భసంచి తీయనక్కర్లేదనీ చెప్పండి. నెలసరి మధ్యలో రక్తం కనిపించడం, కలయిక తర్వాత రక్తం రావడం, దుర్వాసనతో నీళ్లలా కావడం ఉంటే మాత్రం టీకా సంగతి తర్వాత, ముందు డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

డోసులు, డబ్బు, తేదీలు బోర్డు మీద రాయండి

ఇక్కడే సమావేశం నిజంగా పనిలోకి దిగుతుంది. మన దేశంలో తయారైన సెర్వావాక్ టీకాను సీరమ్ ఇన్‌స్టిట్యూట్ 2023 జనవరిలో విడుదల చేసింది. ఇది 6, 11, 16, 18 రకాల మీద పనిచేస్తుంది. విడుదలైనప్పుడు ప్రైవేటులో డోసు 2,000 రూపాయలు. తొమ్మిది రకాల మీద పనిచేసే గార్డసిల్ 9 డోసు ఖరీదు దీనికంటే చాలా ఎక్కువ. క్యాన్సర్ తెచ్చే ముఖ్యమైన 16, 18 రెండూ ఈ రెండింటిలోనూ ఉన్నాయి. ఖరీదైనది కొనలేనని ఏ అమ్మాయీ బాధపడకుండా ఈ మాట తప్పక చెప్పండి.

మన దేశంలో అనుమతించిన పద్ధతి ప్రకారం 9 నుంచి 14 ఏళ్లవారికి ఆరు నెలల తేడాతో రెండు డోసులు. 15 నుంచి 26 ఏళ్లవారికి మూడు: మొదటిది, రెండు నెలలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 డిసెంబర్‌లో 20 ఏళ్ల వరకు ఒకటి లేదా రెండు డోసులు, 21 దాటినవారికి రెండు సరిపోతాయని చెప్పింది. ఆ నిర్ణయం వెనుక ఉన్న ఆధారాల్లో ఒకటి మన దేశానిదే. ఖమ్మం గొడవ తర్వాత 2010లో దేశంలో హెచ్‌పీవీ టీకా పరీక్షలన్నీ ఆపేసినప్పుడు, వేరే ఒక పెద్ద పరిశోధనలో ఉన్న వేలమంది బాలికలకు ఒక్క డోసే అందింది. వారిని వదిలేయకుండా పదేళ్లు గమనిస్తే, 16, 18 రకాలు శరీరంలో తిష్ఠ వేయకుండా ఆ ఒక్క డోసే 95 శాతం దాకా కాపాడిందని తేలింది. ఆ అమ్మాయిలు చేసిన మేలు ప్రపంచంలోని ఎన్నో పేద దేశాలకు అందుతోంది.

కాబట్టి మూడు డోసులకు డబ్బు లేని అమ్మాయికి "మూడూ కుదరకపోతే అసలు వద్దు" అని చెప్పకండి. ఎన్ని డోసులు తీసుకోవాలో డాక్టరుతో మాట్లాడి తేల్చుకోమనండి. హెచ్‌ఐవీ ఉన్నవారు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవారు మాత్రం మూడూ తీసుకోవాలి.

లెక్క బోర్డు మీద వేయండి: డోసు రెండు వేలనుకుంటే మూడు డోసులకు ఆరు వేలు. ఆరు నెలల్లో విడతలుగా. డాక్టరు ఫీజు వేరు. తేదీలు కూడా రాయించండి: జూలై 10న మొదటిది అయితే సెప్టెంబర్ 10, జనవరి 10. మూడో డోసు తేదీ సంక్రాంతి సెలవుల్లో పడుతుంది, అంటే ఊళ్లో వేయించుకోవాలా, తిరిగొచ్చాకా అన్నది ఇప్పుడే ఆలోచించుకోమనండి. ఆలస్యమైతే మొదటి నుంచి మొదలుపెట్టనక్కర్లేదు, మిగిలినది వేయించుకుంటే చాలు. కార్డును ఫోనులో ఫొటో తీసి ఉంచుకోవాలి. టీకాను 2 నుంచి 8 డిగ్రీల మధ్య నిల్వ చేయాలి కాబట్టి, మందుల షాపులో కొని ఎండలో మోసుకెళ్లడం కాకుండా ఆసుపత్రి ఫ్రిజ్‌లోదే వేయించుకోవడం మంచిది. వేసే ముందు సీసా మీద పేరు, గడువు తేదీ చూపించమని అడిగే హక్కు తమకుందని అమ్మాయిలకు చెప్పండి. అడగడం నేర్పండి.

2024 మధ్యంతర బడ్జెట్‌లో 9 నుంచి 14 ఏళ్ల బాలికల టీకాను ప్రోత్సహిస్తామని కేంద్రం ప్రకటించింది. మీ ప్రాంతంలో ప్రభుత్వం ఏ వయసు బాలికలకు ఉచితంగా వేస్తోందో సమావేశానికి ముందే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఏఎన్ఎంను అడిగి తెలుసుకుని వెళ్లండి. చెల్లెళ్లున్న అమ్మాయిలు దాన్ని తప్పక అడుగుతారు.

అమ్మతో మాట్లాడటం సాధన చేయించండి

పద్దెనిమిది నిండిన అమ్మాయి తన నిర్ణయం తానే తీసుకోగలదు. అయినా డబ్బు ఇంటి నుంచే రావాలి. ఇద్దరమ్మాయిలను ముందుకు పిలిచి ఒకరిని అమ్మగా, ఒకరిని కూతురిగా కూర్చోబెట్టండి. ఒకసారి ఇలా సాగింది:

"అమ్మా, కాలేజీలో ఒక టీకా గురించి చెప్పారు. గర్భసంచి ముఖద్వారానికి వచ్చే క్యాన్సర్‌ను ఆపుతుందట."

"నీకెందుకే అది? పెళ్లి కాని పిల్లవి."

"పెళ్లికి ముందు వేయించుకుంటేనే ఎక్కువ పనిచేస్తుందమ్మా. చిన్నప్పుడు నాకు వేయించిన టీకాల్లాంటిదే."

"నన్ను కూడా అలాగే క్యాన్సర్ అని భయపెట్టి కడుపు కోశారు. ఈ డాక్టర్లను నమ్మకు."

అక్కడ కూతురి పాత్రలో ఉన్న అమ్మాయి ఆగిపోయింది. గదిలో కొందరి కళ్లలో నీళ్లు తిరిగాయి. కాసేపటికి ఆ అమ్మాయే తనంతట తాను చెప్పింది: "అమ్మా, నీకు అప్పుడు ఎవరూ సరిగా చెప్పలేదు. నాకు చెప్పారు. నేను రాసుకున్నాను, చదివి వినిపిస్తాను. విన్నాక నువ్వు ఏమన్నా సరే."

అంతకంటే మంచి జవాబు నేను రాసివ్వలేను. మీ అమ్మాయిలు కూడా తమ సొంత మాట వెతుక్కునే దాకా సాధన చేయించండి. తల్లికి 30 దాటి, గర్భసంచి ఉంటే, ప్రభుత్వ ఆసుపత్రిలో ముఖద్వారానికి పలచటి ఎసిటిక్ ఆమ్లం రాసి చూసే పరీక్ష ఉంటుందని, 65 ఏళ్ల వరకు అయిదేళ్లకోసారి చేయించుకోవాలని కూడా కూతురితో చెప్పించండి. టీకా గురించి ఫోను చేసిన కూతురి వల్ల పరీక్షకు వెళ్లిన తల్లులున్నారు.

మళ్లీ వెళ్లండి

ముగిసే ముందు ఒక కాగితం ఇవ్వండి: టీకా పేర్లు, తేదీలు, దగ్గరలో వేసే చోట్లు. అంతే. "ఎవరెవరు వేయించుకుంటారు, పేర్లు ఇవ్వండి" అని అడగకండి. ఎంతమంది వేయించుకున్నారో నోటీసు బోర్డు మీద పెట్టనివ్వకండి. వద్దనుకున్న అమ్మాయిని ఒప్పించడానికి స్నేహితురాళ్లను ఎగదోయకండి. ఆమె ఏడాది తర్వాత మనసు మార్చుకోవచ్చు, అప్పుడు మిమ్మల్నే వెతుక్కుంటూ రావాలంటే ఇప్పుడు గౌరవంగా వదిలేయాలి.

సమావేశం అయ్యాక అరగంట బయట వరండాలో ఒంటరిగా కూర్చోండి. ఫోను చూసుకుంటూ కూర్చుంటే ఎవరూ రారు, ఊరికే కూర్చోండి. ఒకరో ఇద్దరో వస్తారు. వారు చెప్పింది వార్డెన్‌కు చేరకూడదు. ఎవరైనా తనపై జరిగిన బలవంతం గురించి చెబితే, టీకా మాట పక్కన పెట్టి ముందు పూర్తిగా వినండి, ఒంటరిగా వదలకుండా ఆసుపత్రికి తోడు వెళ్లండి.

ప్రశ్నల డబ్బా అక్కడే వదిలి రండి. రెండు నెలల తర్వాత, రెండో డోసు తేదీ దగ్గర పడినప్పుడు ఒకసారి, ఆరో నెలలో ఇంకోసారి వెళ్లండి. అప్పటికి కొత్త బ్యాచ్ చేరి ఉంటుంది, చీటీలు ఎక్కువగా కోసి తీసుకెళ్లండి.